నెలలో నాలుగు క్లాన్‌లు తీసేశాయి. షిఫ్ట్ డ్యూటీ వాడికి సరిపడే క్లాన్ ఎలా వెతుక్కోవాలి? (క్లాష్ ఆఫ్ క్లాన్స్ మొబైల్ గేమ్)

పరవాడ_పెక్కా
నేను టీహెచ్ 13, అంటే టౌన్ హాల్ 13వ లెవెల్. 2015లో ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో మొదలుపెట్టిన ఆట ఇది. ఉద్యోగంలో చేరాక మూడేళ్ళు వదిలేశాను, మళ్ళీ పట్టుకుని ఐదు నెలలైంది. ఈ ఒక్క నెలలోనే నాలుగు క్లాన్‌లు, అంటే కలిసి ఆడే జట్లు, నన్ను తీసేశాయి. ఎవర్నీ తిట్టలేదు, ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు, తోటివాళ్ళకి ట్రూప్స్ ఇచ్చే డొనేషన్లు ఎగ్గొట్టలేదు.

నాది ఫార్మా కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ. ఒక వారం ఏ, ఒక వారం బి, ఒక వారం సి. ప్లాంట్‌లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. గేటు పక్కన ఇనప లాకర్లో పెట్టి, తాళం వేసుకుని లోపలికి పోతే మళ్ళీ ఎనిమిది గంటల తర్వాతే ఫోన్ చూసేది. మొన్న బి షిఫ్ట్. రాత్రి 10కి దిగి కంపెనీ బస్సులో కూర్చుని గేమ్ తెరిచాను. చాట్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. తీసేశారని మెసేజ్. వార్ 9:20కి అయిపోయింది. మొదటి అటాక్‌లో నా మిర్రర్‌ని, అంటే అటువైపు నా నంబర్ వాణ్ణి, త్రీ స్టార్ కొట్టాను, రెండోది మిగిలిపోయింది. అంతే జరిగింది. ఏమైంది అని ఒక్కరు అడగలేదు. అగనంపూడి దాకా ఆ ఖాళీ స్క్రీనే చూస్తూ కూర్చున్నాను. ఆటే కదా అంటారేమో, నిజంగా బాధేసింది.

సెర్చ్‌లో అన్ని క్లాన్‌లూ ఒకటే రాసుకుంటాయి. యాక్టివ్, ఫ్రెండ్లీ, డైలీ వార్. అందులో ఏది నిజమో ఎలా తెలుస్తుంది? ఒకటో తారీఖు నుంచి క్లాన్‌ల మధ్య నెలనెలా జరిగే లీగ్‌కి సైనప్ మొదలు, రెండు రోజులే ఉంటుంది. ఆలోగా దొరికితే బాగుండు.

గోదారి_గోబ్లిన్
'వార్‌కి రాను' అని చెప్పే రెడ్ షీల్డ్ గుర్తు పెట్టుకో. వార్‌లోకి లాగరు, తీసేయరు.

పరవాడ_పెక్కా
వార్ ఆడాలనే కదా బ్రో క్లాన్. లూటీ ఒంటరిగా కూడా కొట్టుకోవచ్చు.

కరీంనగర్_కోలీడర్
నేను ఆరేళ్ళుగా ఒక క్లాన్‌లో కో-లీడర్‌ని. తీసేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి అటువైపు సంగతి చెప్తాను, కోపం తెచ్చుకోకు.

15 మంది వార్ అంటే మనిషికి రెండు చొప్పున 30 అటాక్‌లు, ఎదుటివాళ్ళ ఒక్కో బేస్‌కి మూడు చొప్పున 45 స్టార్లు. పోయిన నెల మేం ఒక్క స్టార్‌తో ఓడిపోయాం. మూడు అటాక్‌లు వాడకుండా మిగిలాయి. మాలో ఒకతను సిద్దిపేటలో చెల్లెలి పెళ్ళి పనుల్లో ఉండి కూడా పందిరి వెనకాల నిలబడి అటాక్ కొట్టాడు. ఆయనకి నేనేం సమాధానం చెప్పాలి? నాకు కనిపించేది నీ పేరు పక్కన వాడని అటాక్ ఒక్కటే. నువ్వు ప్లాంట్‌లో ఉన్నావో, సినిమా హాల్లో ఉన్నావో నాకెలా తెలుస్తుంది?

చేరేటప్పుడు షిఫ్ట్‌ల సంగతి చెప్పావా?

పరవాడ_పెక్కా
రెండు చోట్ల చెప్పాను అన్నా. 'ఓకే బ్రో' అన్నారు. మిగతా రెండు చోట్ల చెప్పలేదు, అది నా తప్పే.

హాస్టల్_హాగ్స్
అన్నా నువ్వు చెప్పేది కరెక్టే కానీ తీసేసే ముందు ఒక్క మాట అడగడానికి ఎంతసేపు పడుతుంది? 'ఎందుకు కొట్టలేదు' అని టైప్ చేస్తే పది సెకన్లు. నన్ను కూడా ప్రాక్టికల్స్ రోజు ఇలాగే తీసేశారు.

కరీంనగర్_కోలీడర్
50 మందిలో వారానికి ఐదారుగురు ఎగ్గొడతారు తమ్మీ. అందర్నీ అడుగుతూ కూర్చుంటే నా పని అదే అవుతుంది. అయినా నువ్వన్నది కొట్టిపారేయను. కొత్తవాళ్ళని అడగకుండా తీసేయడం మాకూ అలవాటైపోయింది.

అంకెల_ఆర్చర్
ఒక లెక్క చూడండి. వార్‌కి ప్రిపరేషన్ 23 గంటలు, బ్యాటిల్ డే 24 గంటలు. సోమవారం రాత్రి 9కి సెర్చ్ నొక్కితే మంగళవారం రాత్రి 8కి బ్యాటిల్ మొదలై బుధవారం రాత్రి 8కి అయిపోతుంది.

ఇప్పుడు పెక్కా సంగతి. వార్ రాత్రి 9:20కి అయిపోయింది అంటే ముందురోజు రాత్రి 9:20కి మొదలైంది. బి షిఫ్ట్ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10. మరి ముందురోజు రాత్రి 10 నుంచి మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాకా ఫోన్ నీ చేతిలోనే ఉంది కదా. పదిహేనున్నర గంటలు. ఎనిమిది గంటల డ్యూటీ ఏ షిఫ్ట్‌లో పడినా 24 గంటల బ్యాటిల్ డేలో ఖాళీ దొరుకుతుంది. కాబట్టి షిఫ్ట్ ఒక్కటే కారణం అంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. రెండో అటాక్ ఎందుకు ఆపుకున్నావు?

పరవాడ_పెక్కా
నేను ఆపుకోలేదు, వాళ్ళే ఆపమన్నారు. రాత్రి 11కి మొదటి అటాక్ కొట్టగానే 'సెకండ్ హోల్డ్, క్లీనప్‌కి కావాలి' అన్నారు, అంటే ఆఖర్లో మిగిలినవి కొట్టడానికి రెండోది ఆపమని. మర్నాడు మధ్యాహ్నం 1:15కి బస్సు ఎక్కుతూ కూడా అడిగాను, కొట్టేయమంటారా అని. 'వెయిట్ బ్రో' అన్నారు. ఆ తర్వాత ఫోన్ లాకర్లోకి పోయింది.

అంకెల_ఆర్చర్
అసలు సంగతి అదన్నమాట. నీకు షిఫ్ట్ అడ్డం కాదు, రెండో అటాక్ ఆఖరి గంటల దాకా ఆపించే క్లాన్ అడ్డం. చేరేముందు 'వార్ ఎన్ని రోజులకొకసారి' అని అడగకు. 'రెండో అటాక్ ఎప్పుడు కొట్టాలి, ఆపమంటారా' అని అడుగు.

గోదారి_గోబ్లిన్
ఇది నాకూ తట్టలేదు. రెడ్ షీల్డ్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

కరీంనగర్_కోలీడర్
అలా అయితే నీ తప్పు లేదు. మేమూ ఆగమంటాం, పైన ఉన్న పెద్ద బేస్‌లు ఎవరికీ లొంగకపోతే బలమైన వాళ్ళ రెండో అటాక్ ఉండాలని. కానీ ఆగమన్న మనిషి ఆ టైముకి ఉంటాడో లేడో మేమే అడగాలి. ఈ రాత్రికే క్లాన్ మెయిల్ పెడుతున్నా. డ్యూటీల వాళ్ళు రెండూ ఒకేసారి కొట్టేసుకోవచ్చని.

లెవెల్_ముఖ్యం
ఇదంతా ఎందుకు, క్లాన్ లెవెల్ 15 పైన చూసి చేరండి. క్లాన్ లెవెల్ 5కి చేరితే ఇచ్చిన ట్రూప్స్ ఒక లెవెల్ పెరిగి వస్తాయి, 10కి చేరితే రెండు. చిన్న క్లాన్‌లో ఉంటే నష్టమే.

రాయచూర్_రాణి
లెవెల్ చూస్తే ఆ క్లాన్ ఎంత పాతదో తెలుస్తుంది, ఇప్పుడు ఎలా ఉందో తెలియదు. ఒకసారి ఎక్కిన లెవెల్ దిగదు కదా. లెవెల్ 18 క్లాన్‌లో చేరాను ఒకసారి. నేను అడిగిన ట్రూప్స్ రెండు రోజులు అలాగే ఉన్నాయి. పాత చింతచెట్టు కింద ఎవరూ లేని ఊరు లాగా ఉంది.

నేను చూసేది ఇది. పాత వార్‌ల చిట్టా, అదే వార్ లాగ్, ఓపెన్‌గా పెట్టారా, అందులో ఎన్ని గెలిచారు అని కాదు, ఎంతమంది ఆడారు అని. 48 మంది ఉన్న క్లాన్ ఎప్పుడూ 10 మంది వార్‌లే ఆడుతుంటే ఆడేది ఆ పదిమందే. మిగతావాళ్ళు పేరుకి ఉన్నారు. అలాంటి చోట కొత్తవాడికి వార్‌లో చోటు దొరకదు, దొరికితే ఆ పదిమంది గుంపు నీ ప్రతి తప్పూ లెక్కపెడుతుంది.

తర్వాత సభ్యుల పట్టికలో డొనేషన్లు. సీజన్ మొదట్లో చూస్తే ఏమీ తెలియదు, అందరికీ సున్నా నుంచి మొదలవుతుంది. సీజన్ ఆఖర్లో చూడండి. ఇద్దరే వేలకు వేలు ఇచ్చి, మిగతా అందరూ ఇరవై ముప్పై దగ్గర ఆగిపోయి ఉంటే ఆ ఇద్దరూ అలిసిపోయిన రోజున క్లాన్ ఖాళీ అవుతుంది.

హాస్టల్_హాగ్స్
డొనేషన్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, కొందరు చేరి నెలైనా ఒక్కసారి కూడా రిక్వెస్ట్ పెట్టరు, తర్వాత 'ఇక్కడెవరూ ఇవ్వరు' అని వెళ్ళిపోతారు. అడగందే అమ్మైనా పెట్టదు.

రాయచూర్_రాణి
నిజం. అయితే 'ఏదైనా ఇవ్వండి' అని పెట్టినవాడికి త్వరగా వస్తాయి. 'ఫలానా లెవెల్ ఎలక్ట్రో డ్రాగనే కావాలి' అంటే ఉన్నవాడు ఆన్‌లైన్‌కి వచ్చేదాకా ఆగాలి.

డాలస్_డ్రూయిడ్
నేను ఈ ఆట ఆడను, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడతాను. పేర్లు వేరు గానీ నొప్పి ఒకటే, అందుకే రాస్తున్నా. అక్కడ క్లాన్‌ని గిల్డ్ అంటారు. 2019లో ఆ ఆట పాత రూపం 'క్లాసిక్' పేరుతో వచ్చినప్పుడు మోల్టెన్ కోర్ అనే చోటికి 40 మంది కలిసి వెళ్ళాలి. నలభైమంది ఒకే టైముకి, మూడు గంటలు, హెడ్‌సెట్లు పెట్టుకుని. కాబట్టి గిల్డ్ ఎంచుకోవడం అంటే మీ వారంలో రెండు రాత్రులు ఎవరి చేతిలో పెడుతున్నారో ఎంచుకోవడమే.

మొదటి గిల్డ్ మా సర్వర్‌లో బాగా ముందుండేది. రెండు నెలలున్నాను. నేను హీలర్‌ని, అంటే మిగతావాళ్ళ గాయాలు నయం చేసేవాణ్ణి. నా హీలింగ్ అంకెలు అందరికీ తెలుసు, నా పేరు ఎవరికీ తెలియదు. మా అమ్మకి ఇక్కడికొచ్చాక జ్వరం వస్తే ఒక మంగళవారం రాలేనని రాశాను. 'మరి హీలర్ ఎవరు' అని ఒక్క లైన్ జవాబు. రెండో గిల్డ్ మనుషులు బంగారం, కానీ అందరూ వెస్ట్ కోస్ట్ వాళ్ళు. వాళ్ళకి రాత్రి 8 అంటే నాకు 10. పూర్తయ్యేసరికి ఒంటిగంట. పొద్దున 7కి పాపని డే కేర్‌లో దింపాలి. నెల రోజులు లాక్కొచ్చి ఏడుపు మొహంతో మానేశాను. మూడోది మధ్యస్థం. బాస్‌లని, అంటే ఆటలోని పెద్ద శత్రువుల్ని, అందరికంటే నెల ఆలస్యంగా చంపుతాం. నాకు టైము కుదురుతుంది, తొమ్మిదిన్నరకి ఐదు నిమిషాలు బ్రేక్ ఇస్తారు, పాపని జోకొట్టి వస్తాను. ఇప్పటికీ అందులోనే ఉన్నాను.

పెక్కా, నువ్వు మొదట చూడాల్సింది వాళ్ళ గడియారం. ఆట ఎంత బాగా ఆడతారు అనేది రెండోది.

కడప_టు_కువైట్
గడియారం మాట నూటికి నూరుపాళ్ళు నిజం. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇండియా క్లాన్‌లో ఉన్నప్పుడు నేను పని దిగేసరికి అందరూ నిద్రపోయేవాళ్ళు. రిక్వెస్ట్ పెడితే గోడకి చెప్పినట్టే. ఇప్పుడు మాది గల్ఫ్ వాళ్ళ క్లాన్, కడప రాజంపేట వాళ్ళే ఎక్కువ. క్లాన్ అంతా కలిసి దాడులు చేసే రైడ్ వీకెండ్ శుక్రవారం మధ్యాహ్నం 12:30కి ఇండియాలో మొదలవుతుంది, మాకు ఉదయం 10. శుక్రవారం సెలవు. బియ్యం పొయ్యి మీద పెట్టి రూమ్‌లో ఐదుగురం వరసగా కూర్చుని రైడ్ కొడతాం. చాట్‌లో ఎవరు ఏ కూర వండారో కూడా రాసుకుంటాం. ఇంటికి దూరంగా ఉన్నవాడికి అది ఎంత ఊరటో చెప్పలేను.

బీజీఎంఐ_బాషా
ఇన్ని లెక్కలా మీ ఆటలో! మా బీజీఎంఐలో (పబ్జీ లాంటి షూటింగ్ ఆట) నలుగురు దొరికితే చాలు, దూకేయడమే.

కడప_టు_కువైట్
ఆ నలుగురూ రోజూ దొరకడమే కదా బాషా కష్టం.

బీజీఎంఐ_బాషా
అదైతే నిజం. మా నాలుగోవాడు పెళ్ళయ్యాక కనిపించడం మానేశాడు.

పాతస్కూల్_గ్యాంగ్
తెలియని వాళ్ళతో ఈ గొడవలన్నీ ఎందుకు, ఫ్రెండ్స్‌తో కలిసి సొంత క్లాన్ పెట్టుకో. ఆటలో క్లాన్ కాజిల్ అనే భవనం ఉంటే ఎవరైనా పెట్టుకోవచ్చు.

నల్లగొండ_వార్డెన్
మేం అదే చేశాం, 2014లో. క్లాన్ వార్‌లు వచ్చిన ఏడాది. డిగ్రీ కాలేజీలో మా బ్యాచ్, జూనియర్లు కలిసి 43 మంది. క్యాంటీన్లో బెంచీల మీద కూర్చుని ఎవరు ఎవర్ని కొట్టాలో కాగితం మీద రాసుకునేవాళ్ళం. సెల్ ఛార్జింగ్ అయిపోతే పక్కవాడి ఫోన్‌లో అకౌంట్ మార్చి కొట్టేవాళ్ళం. అలాంటి క్లాన్ మళ్ళీ రాదు.

2017 నాటికి 20 మందిమి మిగిలాం. ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు. కొందరు చెప్పి వెళ్ళారు, కొందరు మెల్లగా ఆగిపోయారు. ఇప్పుడు ఏడుగురి పేర్లు ఉన్నాయి, ఆడేది నేనూ ఇంకొకడూ. వాడు బెంగళూరులో ఉంటాడు. క్లాన్ మూసేయలేక, అందులో ఆడలేక మూడేళ్ళు గడిపాను. చివరికి రెండో అకౌంట్‌ని అందులో ఉంచి మొదటి అకౌంట్‌తో బయట క్లాన్‌లో చేరాను. ఫ్రెండ్స్ క్లాన్ మంచిదే, కానీ ఫ్రెండ్స్ అందరి జీవితాలూ ఒకేసారి మారతాయి. ఆ రోజున క్లాన్ నిలబడదు.

పాతస్కూల్_గ్యాంగ్
అన్నా, చదివి మనసు అదోలా అయింది. మావాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేస్తా.

పాలమూరు_బిల్డర్
ఒక హెచ్చరిక. 'చేరగానే కో-లీడర్ ఇస్తాం' అనే క్లాన్‌కి పోకండి. కో-లీడర్‌కి తన కింది హోదాల్లో ఉన్న ఎల్డర్లనీ మెంబర్లనీ తీసేసే అధికారం ఉంటుంది. మేం ఎవరో తెలియని ఒకడికి, బాగా డొనేట్ చేస్తున్నాడని రెండు వారాలకే కో ఇచ్చాం. ఒక రాత్రి 2 గంటలకి కూర్చుని 31 మందిని తీసేసి వెళ్ళిపోయాడు. పొద్దున లేచి చూస్తే లీడరూ మేం నలుగురు కో-లీడర్లమే ఉన్నాం. వెతికి వెతికి తిరిగి తెచ్చుకోవడానికి నెలన్నర పట్టింది, అప్పటికీ పదకొండు మంది దొరకలేదు. పదవి ఆలస్యంగా ఇచ్చే క్లాన్ మిమ్మల్ని కాపాడే క్లాన్.

లెవెల్_ముఖ్యం
లీగ్‌లో బహుమతిగా వచ్చే మెడల్స్‌లో బోనస్ సంగతి కూడా చూసుకోవాలి. మా పాత క్లాన్‌లో ప్రతి నెలా లీడర్ తమ్ముడికే బోనస్. అతను ఏడు రోజుల్లో కొట్టింది 9 స్టార్లు, నాకు 17.

అంకెల_ఆర్చర్
ఇది ముఖ్యమైన మాట. లీగ్‌లో 8 స్టార్లు వస్తే మీ మెడల్స్ పూర్తిగా వస్తాయి, ఆ పైన బోనస్‌లు మాత్రం లీడర్ చేతిలో ఉంటాయి. సంఖ్య తక్కువ, ఆశపడేవాళ్ళు ఎక్కువ. బోనస్ ఎలా ఇస్తారు అని అడిగితే 'మెరిట్' అనో 'వరస ప్రకారం' అనో ఏదో ఒక పద్ధతి చెప్పగలగాలి. నా వరకు వరస పద్ధతే మేలు. టీహెచ్ 11 వాడు ఎంత కష్టపడినా టీహెచ్ 16 వాడితో స్టార్లలో పోటీ పడలేడు కదా.

కరీంనగర్_కోలీడర్
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. వరస పెడితే కష్టపడేవాడికి విలువేముంది? మా దగ్గర స్టార్ల ప్రకారమే, పట్టిక రాసి అందరికీ చూపిస్తాం.

డాలస్_డ్రూయిడ్
మా దగ్గరా ఇదే తగువు. పాయింట్లు కూడబెట్టి వస్తువు కొనుక్కునే పద్ధతి కొన్ని గిల్డ్‌లలో, నలుగురు పెద్దలు కూర్చుని ఎవరికివ్వాలో తేల్చే పద్ధతి కొన్నిటిలో. రెండూ నడుస్తాయి. ముందే చెప్పకపోతేనే గిల్డ్‌లు పగులుతాయి.

అమలాపురం_ఆర్చర్
నేను స్టాఫ్ నర్స్‌ని. నైట్ డ్యూటీలు నాకూ ఉంటాయి, పెక్కా బాధ నాకు తెలుసు. ఆడవాళ్ళు చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది, ఇక్కడెవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా.

మొదట్లో నా పేరే పెట్టుకుని ఆడాను. చేరిన రోజే 'అమ్మాయా, నిజంగానా, ఫొటో పంపు' అని మొదలు. ఒక క్లాన్‌లో నేను అటాక్ కొడితే 'నీ బదులు మీ ఆయన కొట్టాడా' అన్నారు. చాట్‌లో నలభై మంది ఉన్నారు. ఒక్కరూ ఆపలేదు. ఆ నవ్వే బొమ్మలు వరసగా పడుతుంటే చూసి నేనే బయటికొచ్చేశాను. పేరు మార్చుకున్నాను.

ఇప్పుడున్న క్లాన్‌లో చేరిన వారానికి ఎవరో కొత్తవాడు అలాంటి మాటే అన్నాడు. లీడర్ గూడ్స్ బండి నడుపుతారు, యాభై దాటిన మనిషి. 'ఇక్కడ అలా మాట్లాడకూడదు బాబూ' అని ఒకే మాట రాశారు. వాడు మళ్ళీ అన్నాడు. రెండో నిమిషంలో వాడు క్లాన్‌లో లేడు. నేను ఆ రోజే అనుకున్నాను, ఇది నా క్లాన్ అని. లెవెల్ 9, పెద్ద గొప్పదేం కాదు. సగంమంది రాత్రి డ్యూటీల వాళ్ళే. రెండు అటాక్‌లూ ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు కొట్టుకోవచ్చు. కొట్టలేకపోతే ముందే రెడ్ షీల్డ్ పెట్టాలి, అదొక్కటే నియమం.

పెక్కా, కావాలంటే వచ్చి చూడు. నచ్చకపోతే వెళ్ళిపో, ఎవరూ ఏమీ అనుకోరు. మా క్లాన్‌ని వెతికే ట్యాగ్ మెసేజ్ చేస్తున్నా.

పరవాడ_పెక్కా
అక్కా, థాంక్యూ. ఈ వారం సి షిఫ్ట్. పొద్దున 6కి దిగగానే రిక్వెస్ట్ పెడతా.

రాయచూర్_రాణి
రిక్వెస్ట్‌లో ఊరికే 'ప్లీజ్ యాక్సెప్ట్' అని రాయకు. షిఫ్ట్ సంగతి మొదటి లైన్‌లోనే రాసెయ్.

పరవాడ_పెక్కా
ఇలా రాశాను: 'టీహెచ్ 13. షిఫ్ట్ డ్యూటీ, డ్యూటీలో ఫోన్ ఉండదు. రెండు అటాక్‌లూ డ్యూటీకి ముందే కొట్టేస్తాను. హైబ్రిడ్ అటాక్ బాగా వచ్చు.' ఇరవై నిమిషాల్లో తీసుకున్నారు. లీడర్ గారు మొదట అడిగింది 'భోజనం అయిందా' అని. పొద్దున ఆరున్నర అండీ అన్నాను. 'నాకిప్పుడే అయింది, బండి దిగాను' అన్నారు.

హాస్టల్_హాగ్స్
ఆ క్లాన్ మనకి కూడా కావాలి.

గోదారి_గోబ్లిన్
లీగ్ అయ్యాక వచ్చి చెప్పు ఎలా ఉందో. చాలామంది క్లాన్ దొరికాక మళ్ళీ కనిపించరు.

పరవాడ_పెక్కా
లీగ్ నిన్న అయిపోయింది. చెప్పమన్నారు కాబట్టి వచ్చాను.

ఎనిమిది క్లాన్‌ల గ్రూప్‌లో మేం ఐదో స్థానం. 15 మంది లైనప్‌కి 19 మంది పేర్లిచ్చాం, లీడర్ గారు డ్యూటీలు చూసి రోజూ మార్చేవారు. మొదటి నాలుగు రోజులూ ఆడాను, 10 స్టార్లు. ఐదో రోజు ఏ షిఫ్ట్. అటాక్ రాత్రి 7 లోపు కొట్టాలి. 2కి దిగి ఇంటికెళ్ళి తీరిగ్గా కొడదామనుకున్నాను. 2కి నా రిలీవర్ రాలేదు. వాళ్ళ నాన్నగారికి ఒంట్లో బాగోలేదట. సూపర్‌వైజర్ డబుల్ చేయమన్నారు. పొద్దున 6కి లాకర్లో పెట్టిన ఫోన్ రాత్రి 10కి తీశాను. పదహారు గంటలు. లీగ్‌లో రోజుకి ఒక్కటే అటాక్, అది పోయింది. మా అందరికీ ఆ రోజు 2 స్టార్లు తగ్గి ఓడిపోయాం. నేను కొట్టి ఉంటే గెలిచేవాళ్ళమేమో.

లాకర్ దగ్గరే నిలబడి గేమ్ తెరిచాను. చేతులు చల్లబడ్డాయి. మళ్ళీ ఆ ఖాళీ స్క్రీన్ ఉంటుందనుకున్నాను.

చాట్ ఉంది. సాయంత్రం 5:50కి లీడర్ గారు రాశారు: 'పెక్కా, ఇంకా గంట ఉంది. డ్యూటీ ఎక్కువైందా?' 6:30కి: 'ఫర్వాలేదు. రేపటి లైనప్‌లో నీ బదులు ఇంకొకర్ని పెట్టాను. వచ్చాక తిని పడుకో.' ఆర్చర్ అక్క 9:15కి: 'ఇంటికి చేరావా? చేరాక ఒక మాట రాయి.'

'డబుల్ పడిందండీ, సారీ' అని రాసి బస్సెక్కాను.

డాలస్_డ్రూయిడ్
ఇది చదివి మా ఆవిడకి కూడా వినిపించాను.

కరీంనగర్_కోలీడర్
పెక్కా, మేం మెయిల్ పెట్టినప్పట్నుంచి వాడని అటాక్‌లు తగ్గాయి. పోయిన వార్‌లో ఒక్కటే మిగిలింది. ఆయన్ని అడిగాను, తీసేయలేదు. వరంగల్ రైల్లో సిగ్నల్ లేదట.

హాస్టల్_హాగ్స్
ఆర్చర్ అక్కా, చోటుందా? టీహెచ్ 12, ప్రాక్టికల్స్ అయిపోయాయి. మెయిన్ ఎగ్జామ్స్ అప్పుడు రెడ్ షీల్డ్ పెట్టేస్తా.

అమలాపురం_ఆర్చర్
41 మంది ఉన్నాం, రా. ఎగ్జామ్స్ తేదీలు చేరేటప్పుడే రాసెయ్, లీడర్ గారు డైరీలో రాసుకుంటారు.